ఒక ఎకరా వరి, 24 ఎకరాల వాన

మా నాయన వేయించిన నాలుగో బోరు నాకు బాగా గుర్తుంది. 2005 ఎండాకాలం. రాత్రి తొమ్మిదికి బోరు బండి వచ్చింది. టెంకాయ అరచేతిలో పెట్టుకుని చేనంతా నడిచిన ఆయన, అది నిలబడిన చోట పాయింటు పెట్టించాడు. పూజ చేసి బండి మొదలుపెట్టారు. తెల్లారిందాకా తెల్లటి దుమ్ము లేస్తూనే ఉంది. 300 అడుగుల దగ్గర కాస్త తడి మట్టి వస్తే నాయన ముఖంలోకి ప్రాణం వచ్చింది. 420 దగ్గర బండాయన వచ్చి, "ఇంకా దిగమంటే దిగుతా, నీ ఇష్టం" అన్నాడు. నాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆపేయమన్నాడు. అది అమ్మ కమ్మలు కుదువ పెట్టి తెచ్చిన డబ్బు.

మాది అనంతపురం జిల్లా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోటు. కింద రాతి నేల. కోస్తా డెల్టాలోలాగా ఇసుకలో నీళ్లు పరుచుకుని ఉండవు. రాయి పగుళ్లలో ఎక్కడో కొంచెం దాక్కుని ఉంటాయి. అందుకే పది గజాల దూరంలో ఒక బోరు పోస్తుంది, ఇంకొకటి దుమ్ము లేపుతుంది. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. మా నాయన తలరాత అనుకునేవాళ్లం.

2006లో ఒక సాయంత్రం మా ఊరి రచ్చకట్ట దగ్గర మీటింగు పెట్టారు. ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి ఇద్దరు వచ్చారు. బోర్లు వేయిస్తారేమోనని జనం బాగానే వచ్చారు. వాళ్లు మొదటి మాటే, "మేం బోర్లు వేయించం, లోన్లు ఇప్పించం. మీ బోర్లలో నీళ్లు ఎంత ఉన్నాయో మీరే కొలుచుకోవడం నేర్పిస్తాం" అన్నారు. సగం మంది లేచి వెళ్లిపోయారు. నేను ఇంటర్ అయ్యాక చదువు ఆపేసి ఇంట్లో ఉన్నాను. నాకు కావలసింది ఒక్కటే, మా నాలుగో బోరు ఎందుకు ఎండిందో తెలియాలి. అందుకే కూర్చున్నాను.

ఆ ప్రాజెక్టు పేరు పొడవుగా ఉండేది, అందరూ ఆంగ్ల పొడి అక్షరాలతో 'ఏపీ ఫామ్స్' అనేవాళ్లు. రైతులే నడిపే భూగర్భ జల వ్యవస్థ అని దాని అర్థం. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నడిపింది, డబ్బు నెదర్లాండ్స్ ప్రభుత్వానిది. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ, మొత్తం 7 కరువు జిల్లాల్లో చేశారు. దాని వెనక కథ నాకు తర్వాత తెలిసింది. 1995 నుంచి 2003 వరకు అదే నెదర్లాండ్స్ డబ్బుతో ఇక్కడ చిన్న రైతులకు బోర్లు వేయించారు. బోర్లు పెరిగాయి. తోడటం పెరిగింది. నీళ్లు లెక్క లేకుండా పోతే ఆ బోర్లన్నీ ఏమవుతాయని ఆలోచించి, రైతుల చేతే నీళ్లు కొలిపించడం అప్పుడే మొదలుపెట్టారు. బోర్లు వేయించిన డబ్బే తర్వాత కొలవడం నేర్పింది. తాము చేసిన పనిని తామే మళ్లీ తరచి చూసుకున్న ఆ మనుషుల మీద నాకు గౌరవం ఉంది.

శిక్షణ మూడు రోజులు. మొదటి రోజు మమ్మల్ని గుట్ట ఎక్కించారు. అక్కడి నుంచి మా వంక, అంటే వాన నీళ్లు పారే వాగు, మొత్తం కనిపించింది, ఎక్కడ పుట్టింది, ఏ ఊళ్ల పక్కన పారింది, ఏ చెరువులో కలిసింది. ఆ వంకలోకి వాన నీళ్లు పారే నేలంతా ఒక లెక్కగా తీసుకోవాలన్నారు. ఊరు, పంచాయతీ, మండలం ఇందులో లెక్కలోకి రావు. మా వంక కింద అయిదు ఊళ్లున్నాయి. అందులో రెండు ఊళ్లతో మాకు చెరువు తూము గొడవలున్నాయి, మా పెద్దవాళ్లు వాళ్లతో మాట్లాడరు. ఇప్పుడు వాళ్లతో కలిసి ఒకే రిజిస్టరు రాయాలి. నీళ్ల పని మొదలుపెట్టకముందే మనుషుల పని ఇంత ఉందని ఆ గుట్ట మీదే అర్థమైంది.

కొలవాల్సినవి మూడు. వాన, బోర్లలో నీటి మట్టం, బోరు పోసే నీళ్లు.

వానకు ఒక వర్షమాపకం పెట్టారు. రోజూ ఉదయం 8.30కి చూసి రాయాలి. బళ్లో ఒక మూల కంచె వేసి పెట్టాం. ఒకరోజు ఉదయం చూస్తే 62 మిల్లీమీటర్లు ఉంది. రాత్రి సన్నగా పడిన మాట నిజమే. అంత పడిందంటే సంతోషమే కదా, రాసేశాను. కొలతలు అందరూ చూసేలా రాసే ఊరి గోడ మీద కూడా ఎక్కించాను. అటుగా వెళుతున్న ఒక తాత ఆగి చదివించుకున్నాడు. చదివాక నన్ను పక్కన ఉన్న చేనులోకి తీసుకెళ్లి, నేలలోకి వేళ్లు దించి మట్టి పెళ్ల తీసి చూపించాడు. "సగం పదును కూడా కాలేదు పాపా. ఇంత పడినట్టు ఎట్ల రాసినావు?" అన్నాడు.

పదును అంటే తెలియని వాళ్లకు చెబుతాను. దుక్కికి సరిపడా నేల తడిస్తే మా దగ్గర ఒక పదును వాన అంటారు. రెండు పదున్లు, మూడు పదున్లు అని లెక్క. మా అవ్వా తాతలకు వర్షమాపకం అదే. విచారిస్తే, ఇద్దరు పిల్లలు సరదాకు అందులో చెంబుతో నీళ్లు పోశారని తేలింది. ఆ 62ను కొట్టేశాను. ఆ రోజు నుంచి రెండూ రాయడం మొదలుపెట్టాను. ఒక గడిలో మిల్లీమీటర్లు, పక్క గడిలో పదును. శిక్షణలో ఈ రెండో గడి లేదు. మా రిజిస్టర్లో మేమే గీసుకున్నాం. రెండూ పొంతన లేకపోతే మళ్లీ వెళ్లి చూసేదాన్ని. సాధనం తప్పు చెప్పినప్పుడు పట్టుకునేది మట్టి తెలిసిన చెయ్యే అని నాకు అనుభవంలో తెలిసింది.

నీటి మట్టం కొలవడం ఇంతకంటే కష్టం. మీటర్ల గుర్తులున్న పొడవాటి టేపు, చివర ఇనుప గుండు. బోరులోకి వదులుతూ పోతే నీళ్లు తగలగానే పైన పెట్టె కుయ్యిమంటుంది. ఎన్ని మీటర్ల దగ్గర కుయ్యిమందో రాసుకోవాలి. పదిహేను రోజులకోసారి, ఎంచుకున్న బోర్లన్నిటిలో. చెప్పడానికి ఇంతే. కానీ మోటారు ఆగి కొన్ని గంటలైతేనే నీళ్లు తమ మట్టానికి వచ్చి నిలబడతాయి. మాకప్పుడు ఉచిత కరెంటు రోజుకు 7 గంటలు, అది కూడా రెండు విడతలుగా, వారానికోసారి టైము మారుతూ. మోటార్లన్నిటికీ ఆటో స్టార్టర్లు. కరెంటు వస్తే చాలు వాటంతట అవే మొదలవుతాయి. అందుకని కరెంటు వచ్చేలోపు, చీకటితోనే టార్చి పట్టుకుని బయలుదేరేదాన్ని. తోడుగా మా తమ్ముడు వచ్చేవాడు.

ఒకసారి టేపు గుండు పైపుకు, వైరుకు మధ్య ఇరుక్కుపోయింది. గంట సేపు పైకీ కిందికీ ఆడించినా రాలేదు. ఈలోపు కరెంటు వస్తే తీగ తెగుతుంది, మోటారుకు చుట్టుకుంటే రైతుకు నష్టం. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. బోరు రైతు వచ్చి ఫ్యూజు తీసి, ఇద్దరం కలిసి మెల్లగా లాగితే వచ్చింది. ఆయన కోప్పడలేదు. కొందరు మాత్రం మొదట్లో టేపు దించనిచ్చేవాళ్లు కాదు. బోరులోకి తీగ వదిలితే గంగమ్మ కిందికి దిగిపోతుందని వాళ్ల భయం. ఆడపిల్ల దించుతానంటే ఇంకా భయం. వాళ్లతో వాదించలేదు. నాకు మొదట దించనిచ్చింది మా నాయన. పోస్తున్న ఆయన పాత బోరులో ఆరునెలలు దించాక, ఏమీ కాలేదని చూసి మిగతావాళ్లు ఒక్కొక్కరే ఒప్పుకున్నారు.

మూడో కొలతకు 200 లీటర్ల డ్రమ్ము, స్టాప్‌వాచి. బోరు పోసే నీళ్లు డ్రమ్ము నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో మూడుసార్లు చూసి సగటు తీయాలి. మాది 100 సెకన్లు పట్టింది. అంటే సెకనుకు 2 లీటర్లు, గంటకు 7,200, కరెంటున్న 7 గంటలకు 50 వేల లీటర్లు. మా నాయన అప్పటిదాకా తన బోరు గురించి "ఒకటిన్నర అంగుళం" అనే చెప్పేవాడు. అందరమూ అంగుళాల్లోనే మాట్లాడుకునేవాళ్లం. 50 వేల లీటర్లు అని విన్నప్పుడు ఆయన ఇంత పోస్తోందా అని ఆశ్చర్యపోయాడు. అంత పోసినా ఎకరంన్నర మడి తడవడం లేదెందుకని వెంటనే అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు అక్టోబరులో దొరికింది. అక్కడికి వచ్చేముందు ఒక తప్పు చెప్పాలి.

2007 ఏప్రిల్, మే నెలల్లో మా పెద్దనాయన కూతురి పెళ్లి పనుల్లో పడి మూడు విడతల కొలతలు తప్పించాను. మూడు విడతలు, ఆరు బోర్లు. ఎవరికీ చెప్పలేదు. వెనకటి అంకెలు చూసి, ఎండాకాలం కాబట్టి ప్రతిసారీ అర మీటరు చొప్పున దిగి ఉంటుందని ఊహించి, 18 అంకెలు ఇంట్లో కూర్చుని రాసేశాను. అవే గోడ మీదికి ఎక్కించాను. చూడటానికి అవి నిజంగా కొలిచినట్టే ఉన్నాయి, ఎక్కడా ఎగుడుదిగుడు లేదు.

జూన్ మొదట్లో టేపు దించితే, అందులో ఒక బోరులో నేను రాసిన దానికంటే నీళ్లు 5 మీటర్లు కిందికి ఉన్నాయి. పక్క చేనులో కొత్తగా రెండు బోర్లు పడ్డాయి, ఆ సంగతి నేను చూడనే లేదు. ఆ బోరు రైతు నాకు మామ వరస. గోడ మీద అంకె చూసి, ఇంకా నీళ్లున్నాయి కదా అని మే నెలలో అరెకరా టమోటా నాటాడు. నాటిన పదిహేను రోజులకు మోటారు గాలి పీల్చింది. రెండు పైపులు కలిపి మోటారు కిందికి దించుకోవాల్సి వచ్చింది, దానికి కూలీ, పైపుల ఖర్చు, అప్పు. నేను కొలవడానికి వెళ్లినప్పుడు ఆయన ఒక్క మాటే అన్నాడు. "గోడ చూసే నాటినా పాపా."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాతి మీటింగులో లేచి నిలబడి, ఆ 18 అంకెలు నేను కొలవలేదని, రాసుకొచ్చానని అందరి ముందు చెప్పాను. నన్ను తీసేస్తారనుకున్నాను. తీసేయలేదు. కానీ ఆ రోజు నుంచి కొలవడానికి ఇద్దరిద్దరు వెళ్లాలని, బోరు రైతు కూడా టేపు చూసి సంతకం పెట్టాలని కమిటీ రాసుకుంది. నాకు డేటా అన్న మాట బరువు తెలిసింది అక్కడే. ఎక్కడో ఆఫీసు కాగితంలో తప్పుంటే దాన్ని ఎవరూ చూడకపోవచ్చు. ఊరి గోడ మీద తప్పుంటే దాన్ని నమ్మి ఒకరు నారు నాటుతారు.

ఇక అక్టోబరు సంగతి. ముంగారు వానలు అయిపోయాక, యాసంగి పంటలు వేయకముందు, వంక కింది అయిదు ఊళ్ల రైతులు ఒకచోట కూర్చుని నీళ్ల లెక్క వేసేవాళ్లు. నీటి బడ్జెట్ అనేవాళ్లం. ఇంట్లో పెళ్లికి ముందు రాబడి, ఖర్చు రాసుకున్నట్టే. పడిన వాన ఎంత, అందులో భూమిలోకి దిగింది ఎంత, ఇప్పటికి తోడింది ఎంత, మిగిలింది ఎంత. తర్వాత ఎవరు ఏ పంట ఎన్ని ఎకరాలు వేయాలనుకుంటున్నారో చేతులెత్తి చెబుతారు. ఆ పంటలకు ఎన్ని నీళ్లు కావాలో కూడతారు. మిగిలిన దాంట్లోంచి తీసేస్తారు.

ఆ లెక్కను మాకు అర్థమయ్యేలా ఒక ఎకరాకు కుదించి బోర్డు మీద వేశారు. నేను ఆ రోజు రాసుకున్న కాగితం ఇంకా ఉంది. ఒక ఎకరా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్లు. 500 మిల్లీమీటర్లు పడితే సుమారు 20 లక్షల లీటర్లు. మా రాతి నేలలో అందులో అటూ ఇటూగా పదో వంతే భూమి లోపలికి దిగుతుంది. మిగతాది ఆవిరైపోతుంది, చెట్టూ చేమా తాగుతుంది, వంకల్లో పారిపోతుంది. అంటే ఎకరా వాన బోర్లకు ఇచ్చేది 2 లక్షల లీటర్లు. బోరు కింద ఒక పంట వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పెడతాం. ఎకరాకు సుమారు 48 లక్షల లీటర్లు.

48ని 2తో భాగించమన్నారు. 24.

ఒక ఎకరా వరి తాగే నీళ్లు 24 ఎకరాల మీద పడిన వాన. మా నాయనకు మడి, మెట్ట కలిపి ఉన్నదే ఆరెకరాలు. మిగతా 18 ఎకరాల వాన ఎవరిది అని ఎవరూ అడగకపోయినా అందరికీ తట్టింది. చాలాసేపు అక్కడ మాటల్లేవు. ఒక రైతు మాత్రం, మడిలో నిలబెట్టిన నీళ్లలో కొంత మళ్లీ కిందికే ఇంకుతాయి కదా అన్నాడు. చాలా మంచి ప్రశ్న. మూడో వంతు తిరిగి దిగిందనుకుని మళ్లీ వేశారు, 16 ఎకరాలు వచ్చింది. అదే బోరు కింద వేసే వేరుశనగకైతే 500 మిల్లీమీటర్లు చాలు, 10 ఎకరాల వాన. కొర్ర, సజ్జ అయితే వానతోనే పండుతాయి, బోరు మీద పడే భారం లేదు.

మా నాలుగో బోరు ఎందుకు ఎండిందో కూడా నాకు అప్పుడే తెలిసింది. మా వంకలో అప్పటికే తోడేవి చాలా ఎక్కువయ్యాయి. ఇంకొక బోరు వేస్తే కొత్త నీళ్లు రావు, ఉన్న నీళ్లనే ఇంకొకరి బోరు నుంచి లాక్కుంటాం, లేదంటే దుమ్ము వస్తుంది. టెంకాయది తప్పు కాదు, నాయన తలరాతది అంతకన్నా కాదు.

ఆ మీటింగులో ఎవరూ ఎవరికీ వరి వేయొద్దని చెప్పలేదు. అది ఆ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం. రాష్ట్రంలో 2002లోనే నీరు, భూమి, చెట్టు చట్టం వచ్చింది, దాన్నే వాల్టా అంటారు. బోరు వేయాలంటే అనుమతి కావాలని అందులో ఉంది. కానీ రాత్రికి రాత్రి పడే బోరుని కాగితం ఆపలేదు. ఇక కరెంటు ఉచితం కావడంతో, ఇంకో గంట ఎక్కువ తోడితే రైతు జేబులోంచి పోయేది ఏమీ లేదు. ఉచిత కరెంటు వద్దని నేను అనను, అది లేకపోతే మా నాయన లాంటివాళ్లు ఎప్పుడో వ్యవసాయం మానేసేవాళ్లు. కానీ ఎక్కువ తోడుతున్నావని రైతుకు గుర్తుచేసే ధర అంటూ ఏదీ మిగల్లేదు. ఆ గోడ మీద అంకె ఒక్కటే ఆ పని చేసింది.

చిన్నాయన లేచి గట్టిగా అడిగాడు. ఆయనకు మూడెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. "లోతుగా వేసుకోగలిగినోడు 600 అడుగులు వేసుకుని తోడుకుంటాడు. నేను లెక్క చూసి తగ్గించుకుంటే నా నీళ్లు వాని బోరులోకే కదా పోయేది? వరి మానితే మళ్లీ ఏడాది వేసుకోవచ్చు, చెట్లు ఎండితే పదేళ్ల కష్టం పోతుంది" అన్నాడు. ఆ మాటకు అక్కడున్న ఎవరి దగ్గరా జవాబు లేదు. నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. లెక్క అందరికీ ఒకటే, కానీ లెక్క చూసి తగ్గే స్తోమత అందరికీ ఒకేలా ఉండదు. అభివృద్ధి గురించి మాట్లాడేవాళ్లు ఈ మాటను దాటేసి వెళ్లిపోకూడదని నా గట్టి అభిప్రాయం. చిన్నాయన ఆ ఏడాది ఏమీ మార్చలేదు. రెండేళ్ల తర్వాత తోటకు డ్రిప్పు పెట్టించుకున్నాడు, అది కూడా సబ్సిడీ వచ్చాక.

మా నాయన ఆ రాత్రి అన్నం తింటూ, "ఎకరంన్నర వద్దులే, తినేమందం అరెకరా వరి పెడదాం, మిగతాది శెనక్కాయ" అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. వరి పండని ఇల్లంటే ఊళ్లో చిన్నచూపు, చుట్టాలొస్తే కొన్న బియ్యం వండాలా అని ఆమె బాధ. అదీ నిజమే. మా ప్రాంతంలో వరి అన్నం ఒకప్పుడు పండగ అన్నం, మడి ఉండటం ఒక గౌరవం. దాన్ని లెక్కల్లో వేయలేం. రెండు రోజులు మాటామాటా అయ్యాక అరెకరాకే ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ ఏడాది ఎండాకాలంలో మా బోరు ఆగకుండా పోసింది. మా ఒక్కరి వల్లే పోసిందని చెప్పను, ఆ ఏడాది వానా బాగుంది, ఇంకా కొందరు వరి తగ్గించారు. ఏది ఎంత సాయం చేసిందో విడదీసి చెప్పే లెక్క నా దగ్గర లేదు. అయిదో బోరు మాత్రం మేం వేయించలేదు. అమ్మ కమ్మలు 2008లో విడిపించాం.

ఈ పనిలో నాకు దొరికింది ఇంకొకటి ఉంది. ముందు రచ్చకట్ట దగ్గర ఆడవాళ్లం అంచున నిలబడేవాళ్లం. గోడ మీద రాసేది నేను కాబట్టి, అంకె గురించి ఎవరికి అనుమానం వచ్చినా నన్నే పిలిచేవాళ్లు. మాట్లాడని ఆ రెండు ఊళ్ల వాళ్లు కూడా మా ఇంటికొచ్చి, మా నాయనను దాటి, "పాప ఉందా?" అని అడిగేవాళ్లు. ఎగువ ఊళ్లో నాలాగే కొలిచే అమ్మాయితో స్నేహం అట్లాగే మొదలైంది. తూము గొడవ తీరలేదు కానీ, వాళ్ల అంకెలు మా గోడ మీద, మా అంకెలు వాళ్ల గోడ మీద ఉండేవి.

తర్వాత ప్రాజెక్టు ముగిసింది. ముగియడం మంచి కాలంలో కూడా ముగియలేదు, 2009లో దేశమంతటా వానలు దెబ్బతిన్నాయి. 2010లో ప్రపంచ బ్యాంకు మన దేశ భూగర్భ జలాల మీద ఒక పెద్ద నివేదిక వేసింది. ప్రపంచం మొత్తం తోడే భూగర్భ జలంలో నాలుగో వంతు కంటే ఎక్కువ మన దేశమే తోడుతోందని, ఏటా సుమారు 230 ఘనపు కిలోమీటర్లని అందులో ఉంది. మా ప్రాజెక్టు గురించి కూడా మెచ్చుకుంటూ రాశారు. అది విన్న రోజు మా ఊరి వర్షమాపకం కంచె విరిగి ఉంది. బాగుచేయించడానికి ఎవరినడగాలో తెలియలేదు. బళ్లో సార్ ఒకాయన తన డబ్బుతో తీగ కొనిచ్చారు. ఇలాంటి పనులకు ఇచ్చే నిధులు మూడేళ్లకో అయిదేళ్లకో అయిపోతాయి. నీటి మట్టం అయితే పదేళ్లు, ఇరవై ఏళ్లు వరసగా చూస్తేనే ఏదైనా చెబుతుంది. కొలిచేవాళ్లకు టేపు, రిజిస్టరు, చిన్న గౌరవ వేతనం పంచాయతీ బడ్జెట్లోనే ఉండాలని నేను ఇన్నేళ్లుగా కనిపించిన ప్రతి అధికారికీ చెబుతున్నాను.

ఇప్పుడు ఆకాశం నుంచి కూడా నీళ్లు కొలుస్తున్నారు. 2002లో పంపిన గ్రేస్ అనే జంట ఉపగ్రహాలు భూమి ఆకర్షణలో వచ్చే తేడాలను బట్టి నేల కింద నీళ్లు పెరిగాయో తగ్గాయో చెప్పాయి. 2002 నుంచి 2008 మధ్య పంజాబ్, హర్యానా, రాజస్థాన్ వైపు 109 ఘనపు కిలోమీటర్ల భూగర్భ జలం పోయిందని తేలింది వాటి వల్లే. అంత దూరం నుంచి అంత కచ్చితంగా చూడగలగడం నిజంగా గొప్ప విషయం. మన రాష్ట్రంలోనూ భూగర్భ జల శాఖ తవ్వించిన కొలత బోర్లలో తనంతట తానే మట్టం రాసుకునే యంత్రాలు పెట్టారు. ఫోన్లో చూడొచ్చు. నేనూ చూస్తాను. కానీ ఉపగ్రహానికి మా వంక కనపడదు, అది రాష్ట్రాలంత పెద్ద నేలలకే చెబుతుంది. మండలానికి ఒకటో రెండో ఉన్న యంత్రం మా మామ టమోటా నాటాలో వద్దో చెప్పదు. ఈ మూడూ ఒకదానికొకటి కావాలి. పైనుంచి చూసేది ప్రభుత్వాలకు, మధ్యలోది శాఖలకు, టేపు దించేది రైతుకు.

2019 డిసెంబరులో కేంద్రం 6,000 కోట్లతో అటల్ భూజల్ యోజన అనే భూగర్భ జల పథకం మొదలుపెట్టినప్పుడు, అందులో సగం ప్రపంచ బ్యాంకు అప్పు, పంచాయతీ స్థాయిలో నీటి బడ్జెట్ వేయాలని పెట్టారు. ఆ పథకం పెట్టిన 7 రాష్ట్రాల్లో మనది లేదు. కర్ణాటక ఉంది. సరిహద్దు దాటి మా మేనత్త ఊరికి వెళ్లినప్పుడు అక్కడి గోడ మీద అలాంటి పట్టిక చూసి చాలాసేపు నిలబడ్డాను. కన్నడ అక్షరాలు మన వాటిలాగే ఉంటాయి కాబట్టి కూడబలుక్కుని చదివాను. తారీఖు, వాన, నీటి మట్టం. పదును గడి లేదు. అక్కడ కొలిచే అబ్బాయికి దాని గురించి చెప్పాను. వాళ్ల ఊళ్లో కూడా పెద్దవాళ్లు వానను అట్లాగే లెక్కపెడతారట.

మా పాత రిజిస్టర్లు ట్రంకు పెట్టెలో ఉన్నాయి, కొన్ని అట్టలు చెదలు తిన్నాయి. ఆర్నెల్లుగా సాయంత్రాలు కూర్చుని వాటిని కంప్యూటర్లో ఎక్కిస్తున్నాను. మా అన్న కొడుకు చదువుతాడు, నేను టైపు చేస్తాను. కావాలన్న వాళ్లకు ఇవ్వాలని నా కోరిక, మా వంక మీద అంత పాత లెక్క ఇంకెవరి దగ్గరా లేదు. పోయిన వారం 2007 ఏప్రిల్ పేజీ వచ్చింది. వాడు 16.5 అని చదివాడు. ఆగమన్నాను. ఆరు బోర్లు, మూడు విడతలు, ఆ 18 గడులు ఖాళీగా వదిలి, పక్కన 'కొలవలేదు' అని టైపు చేశాను. తర్వాత జూన్ పేజీ తిప్పమన్నాను.